నాలుగు నిమిషాల తర్వాత లీన్ అయిపోతున్న నైట్రో బగ్గీ: నీడిల్ ఎంత తిప్పినా గుణం కనిపించడం లేదు

బెజవాడ_బగ్గీ
మూడు వారాల క్రితం బెంగళూరు వాసి ఒకరి దగ్గర వాడిన 1/8 నైట్రో బగ్గీ (అసలు కారులో ఎనిమిదో వంతు సైజులో, రిమోటుతో నడిచే కారు) కొన్నాను. 3.5 సీసీ ఇంజను, మూడు డిఫరెన్షియళ్ళు (బలాన్ని చక్రాలకు పంచే గేర్లు), 25 శాతం నైట్రోమీథేన్ కలిపిన మిథనాల్ ఇంధనం. అమ్మినాయన నా కళ్ళ ముందే స్టార్ట్ చేసి చూపించినప్పుడు ఏ లోపమూ కనిపించలేదు. ఇక్కడికి తెచ్చి, ఇంకా ఇళ్ళు లేవని ఊరి చివరి వెంచరులో తిప్పుతుంటే మాత్రం ప్రతిసారీ ఒకటే వరస. ట్యాంకు నిండా పోసి వదిలితే మొదటి నాలుగు నిమిషాలు చక్కగా పరుగెడుతుంది. ఆ తర్వాత థ్రాటిల్ వదిలినా ఇంజను చప్పుడు దిగదు. బండి నిలబడిన చోటే గీపెడుతూ ఉంటుంది. పొగ సన్నబడిపోతుంది. హెడ్డు మీద టెంపరేచర్ గన్ పెడితే 138 డిగ్రీలు చూపిస్తోంది. మరో అర నిమిషంలో దానంతట అదే ఆగిపోతుంది. అప్పటికి ట్యాంకులో సగం ఇంధనం మిగిలే ఉంటుంది.

హై స్పీడ్ నీడిల్‌ను (ఎక్కువ వేగంలో ఇంధనం ఎంత వెళ్ళాలో తేల్చే స్క్రూను) కొద్దికొద్దిగా మొత్తం అరచుట్టు తెరిచాను. దాంతో మొదటి రెండు నిమిషాలు దగ్గుతూ, పొగ కక్కుతూ నడిచి, మధ్యలో కాస్త తేరుకుని, చివరికి మళ్ళీ ఆ 138 దగ్గరికే వచ్చింది. ఇంకా తెరవాలా, లేక ఇంజను పనే అయిపోయిందా?

ఆదివారం_ఆట
వేడెక్కుతోందంటే లీన్ అని, అంటే గాలికి తగినంత ఇంధనం అందడం లేదని అర్థం. ఇంకో పావుచుట్టు తెరవండి. ఇంధనం ఖర్చవుతుందని వెనకాడితే ఇంజను ఖర్చవుతుంది.

డెక్కన్_టూస్ట్రోక్
బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, విజయవాడ పాతిక మీటర్లయినా లేదు. ఎత్తు దిగే కొద్దీ గాలి చిక్కబడుతుంది, చిక్కటి గాలికి ఇంధనం ఎక్కువ కావాలి. అక్కడ సరిగ్గా కుదిరిన నీడిల్ ఇక్కడ లీన్ కావడంలో వింత లేదు. గాలి సాంద్రతలో తేడా ఎనిమిది శాతం పైచిలుకు ఉంటుంది. నేను హైదరాబాదు నుంచి విశాఖ వెళ్ళిన ప్రతిసారీ చుట్టులో పన్నెండో వంతు తెరిచి గానీ ట్రాక్ మీదికి దించను.

గేర్‌బాక్స్_గౌరి
ఎత్తు లెక్క సరైనదే, కానీ సగం లెక్కే. వేడికి గాలి పలచబడుతుంది కూడా. అక్కడ 20 డిగ్రీల సాయంత్రం, ఇక్కడ 38 డిగ్రీల మధ్యాహ్నం అనుకుంటే సాంద్రత ఆరు శాతం దాకా తగ్గుతుంది. అంటే ఎత్తు ఇచ్చినదాన్ని ఎండ దాదాపుగా లాగేసుకుంది. పైగా ఊరి ఎత్తు నాలుగు నిమిషాల్లో మారదు కదా. మొదట రిచ్‌గా (ఇంధనం ఎక్కువై) ఉండి, ట్యాంకు సగమయ్యాక లీన్ అవుతోందంటే నడిచే సమయంలో ఏదో మారుతోంది. ఆ మారేది ఏమిటో తెలిసేదాకా నీడిల్ జోలికి వెళ్ళకండి.

బెజవాడ_బగ్గీ
గౌరి గారూ, నేను నడిపేది ఉదయం ఏడింటికే. అప్పటికి 29, 30 డిగ్రీలు ఉంటోంది.

డెక్కన్_టూస్ట్రోక్
అయితే ఎండ లాగేసుకున్నది సగమే. నా ఎత్తులో మిగతా సగం నాకు తిరిగి ఇచ్చెయ్యండి.

విశాఖ_వీల్స్
ముందు రెండు పరీక్షలు చేయండి. ఇంజను వేడెక్కి, థ్రాటిల్ ఇవ్వకుండా నిలకడగా ఐడిల్ అవుతున్నప్పుడు, కార్బ్యురేటరుకు వెళ్ళే ఇంధన గొట్టాన్ని రెండు వేళ్ళతో నొక్కి పట్టండి. రెండు మూడు సెకన్ల పాటు చప్పుడు కొంచెం పెరిగి ఆగిపోతే లో స్పీడ్ నీడిల్ (తక్కువ వేగంలో ఇంధనాన్ని తేల్చే స్క్రూ) బాగున్నట్టు. నొక్కీ నొక్కగానే చచ్చిపోతే లీన్. చప్పుడు బాగా హెచ్చి ఐదారు సెకన్లు బతికితే రిచ్. ఈ పరీక్షను ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, సగమయ్యాక ఇంకొకసారి చేయండి.

రెండోది, గ్లో ప్లగ్ (ఇంజనులో ఇంధనాన్ని అంటించే ప్లగ్) ఊడదీసి, దానిలోని తీగచుట్ట, అంటే కాయిల్ చూడండి. తడిగా, మెరుస్తూ ఉంటే మిశ్రమం రిచ్ వైపు ఉందన్నమాట. బూడిద రంగు తిరిగి, మెరుపు పోయి, చుట్లు వంకర్లు పోతే ఇంజను చాలాసేపు లీన్‌గా కాలిందని అర్థం. ఆ కాయిల్‌లో ప్లాటినం ఉంటుంది. మిథనాల్ ఆవిరి దానికి తగిలినప్పుడు పుట్టే వేడితోనే, స్టార్ట్ చేసేటప్పుడు దాన్ని వేడెక్కించే ఇగ్నైటర్ తీసేశాక కూడా అది ఎర్రగా మండుతూ ఇంజనును నడిపిస్తుంది. లీన్ దెబ్బ తిన్న ప్లగ్‌తో ట్యూనింగు మొదలుపెడితే ఎంతసేపు తిప్పినా కుదరదు, కాబట్టి కొత్తది వేసి మొదలుపెట్టండి.

డల్లాస్_సుబ్బు
138 అనే అంకెను అందరూ ఇంత నమ్మడం నాకు ఆశ్చర్యంగా ఉంది. టెంపరేచర్ గన్‌ను ప్లగ్ మీదికి సూటిగా పడితే ఒక అంకె, హెడ్డు రెక్కల మీద పడితే ఇంకో అంకె, బాడీ తియ్యకుండా కిటికీలోంచి చూస్తే మూడో అంకె. 2016లో లాస్ వేగాస్‌లో జరిగిన 1/8 ఆఫ్‌రోడ్ ప్రపంచ పోటీని కంచె పట్టుకుని చూశాను. స్వీడన్ కుర్రాడు డేవిడ్ రోన్నెఫాల్క్ గెలిచిన ఏడాది అది. గంటసేపు సాగే ఫైనల్‌లో బండి పిట్‌లోకి వస్తే ఇంధనం పోసి పంపేయడమే తప్ప గన్ పట్టుకుని కూర్చునే తీరిక ఎవరికీ ఉండదు. తిన్నటి దారిలో చప్పుడు తేటగా వినిపిస్తోందా, మలుపు దాటి థ్రాటిల్ ఇవ్వగానే సన్నటి నీలిపొగ గీత పడుతోందా, ఈ రెండే చూడాలి.

విశాఖ_వీల్స్
సుబ్బు గారూ, వాళ్ళ చెవులకు ఇరవై ఏళ్ళ అనుభవం ఉంది. మూడు వారాల వయసున్న చెవికి గన్ అవసరమే. ప్రతిసారీ ఒకే చోట, ఒకే దూరం నుంచి పడితే అంకె అసలైనది కాకపోయినా, నిన్నటికీ నేటికీ ఉన్న తేడా అసలైనదే. గన్ లేనివాళ్ళు హెడ్డు మీద ఒక నీటి చుక్క వేసి చూడవచ్చు. చుక్క రెండు మూడు సెకన్లలో మరిగి ఆవిరైతే ఫరవాలేదు. పడగానే పెనం మీద చుక్కలా చిట్లి ఎగిరిపోతే బండిని పక్కన పెట్టాలి.

కొత్తగా_చేరాను
చిన్న సందేహం. పెట్రోలు పోస్తే ఈ గొడవంతా ఉండదు కదా? మా నాన్నగారి పాత టూ స్ట్రోక్ బండి ఏది పోసినా నడిచేది.

గేర్‌బాక్స్_గౌరి
నడవదు. మీ నాన్నగారి బండికి స్పార్క్ ప్లగ్ ఉంది, దీనికి లేదు. నిప్పు పుట్టించేది మిథనాల్, ప్లాటినం కలిసిన చర్య. పెట్రోలుతో అది జరగదు. ఇంకో తేడా కూడా ఉంది. కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి, మిథనాల్‌కు 6.4 చాలు, నైట్రోమీథేన్‌కు 1.7 చాలు, ఎందుకంటే అది తన ఆక్సిజన్‌ను తానే వెంట తెచ్చుకుంటుంది. ఒక గుక్క గాలికి ఎక్కువ ఇంధనం కాల్చవచ్చు కాబట్టే చిన్న ఇంజను అంత బలం చూపిస్తుంది. ఈ ఇంజనుకు వేరే ఆయిల్ పంపు కూడా ఉండదు. కందెన నూనె ఆ ఇంధనంలోనే కలిసి ఉంటుంది. అందుకే లీన్ అయితే రెండు దెబ్బలు ఒకేసారి తగులుతాయి, వేడి పెరుగుతుంది, నూనె తగ్గుతుంది.

మ్యూనిక్_మూర్తి
నైట్రో శాతం గురించి ఒక మాట. యూరపులో 2021 నుంచి 16 శాతానికి మించిన నైట్రోమీథేన్ ఉన్న ఇంధనాన్ని మామూలు జనానికి అమ్మకూడదు. పేలుడు పదార్థాల ముడిసరుకుల మీద వచ్చిన నిబంధన అది. 25 నుంచి 16కు దిగినప్పుడు నాకు తెలిసివచ్చింది ఏమిటంటే, నీడిల్ కొంచెం మూయాలి, హెడ్డు కింద ఉండే పలచటి షిమ్ (లోహపు వలయం) ఒకటి తీసి కంప్రెషన్ పెంచాలి. అమ్మినాయన ఏ ఇంధనం వాడారో అడిగారా? ఆయన 16తో నడిపి, మీరు 25 పోస్తే అక్కడా లీన్ అయ్యే అవకాశం ఉంది.

బెజవాడ_బగ్గీ
ఫోన్ చేసి అడిగాను. ఆయనదీ 25 శాతమే, డబ్బా కూడా అదే రకం. విశాఖ_వీల్స్ గారు చెప్పిన పరీక్ష చేశాను. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు గొట్టం నొక్కితే ఇంజను నాలుగు సెకన్లకు పైగా బతికింది. సగమయ్యాక నొక్కగానే ఆగిపోయింది. ప్లగ్ కాయిల్ బూడిద రంగులో ఉంది, కొత్తది వేశాను.

ఆదివారం_ఆట
కాబట్టి పావుచుట్టు...

గేర్‌బాక్స్_గౌరి
కాబట్టి ట్యాంకు. ఈ బండిలో ఇంధనాన్ని కార్బ్యురేటరు దాకా తోసే పంపు లేదు. సైలెన్సరు నుంచి ఒక సన్నటి గొట్టం ట్యాంకుకు వస్తుంది, ఆ పొగ ఒత్తిడే ఇంధనాన్ని ముందుకు నెడుతుంది. ట్యాంకు నిండుగా ఉన్నంతసేపు ఇంధనం మట్టం ఎత్తుగా ఉండి, ఒత్తిడి కాస్త తగ్గినా బండి నడిచిపోతుంది. మట్టం దిగే కొద్దీ భారమంతా ఆ ఒత్తిడి మీదే పడుతుంది. ఎక్కడో ఒకచోట ఒత్తిడి కారిపోతుంటే, మీరు చెప్పినట్టే, సగం ట్యాంకు దగ్గర ఇంజను ఆకలితో అరుస్తుంది. మీరు నీడిల్ తెరిచినప్పుడు మొదటి సగం పాడైంది, రెండో సగం బాగుపడలేదు.

ట్యాంకును బయటకు తీసి ఇంధనం పూర్తిగా ఖాళీ చేయండి. ఇంధన గొట్టాన్ని ఒక స్క్రూతో బిగించి మూసేయండి. ఒత్తిడి గొట్టానికి ఒక పెద్ద సిరంజి తగిలించి, ట్యాంకును నీటిలో ముంచి, మెల్లగా గాలి నెట్టండి. నోటితో ఊదవద్దు, మిథనాల్ విషం, గొట్టంలో చుక్క మిగిలి ఉన్నా చాలు.

డెక్కన్_టూస్ట్రోక్
సైకిల్ షాపులో పంక్చరు చూసే పద్ధతన్నమాట. లక్ష రూపాయల బండికి చివరికి తొట్టె, నీళ్ళే దిక్కు.

కోఠీ_స్పేర్స్
ఆ సైకిల్ షాపు ఆయన నా దగ్గర కూర్చుంటే నా దుకాణంలో సగం కార్బ్యురేటర్లు అమ్ముడుపోవు. వారానికి ఒకరైనా వచ్చి కొత్త కార్బ్యురేటర్ అడుగుతారు. ట్యాంకు మూత ఓ-రింగు (రబ్బరు వలయం) మార్చి చూడండి అంటే, ఇతను బేరం వదులుకుంటున్నాడేమిటా అని అనుమానంగా చూస్తారు.

బెజవాడ_బగ్గీ
ముంచాను. బకెట్టులో నీళ్ళు నిలకడగా అయ్యేదాకా ఆగి, సిరంజి పిస్టన్‌ను బొటనవేలితో నెమ్మదిగా తోశాను. ముందు ఏమీ రాలేదు. ఇంకొంచెం తోసేసరికి, మూతకు తాళంలాంటి బొడిపె ఉన్న వైపు, అంచు వెంబడి ఆవగింజంత బుడగలు ఒకదాని వెనక ఒకటి దండ గుచ్చినట్టు పైకి వచ్చాయి. మూతను వేలితో నొక్కి పడితే ఆగిపోయాయి, వదిలితే మళ్ళీ మొదలు. ఓ-రింగు తీసి చూస్తే ఒక పక్క పూర్తిగా చదునైపోయి ఉంది, గోరు గుచ్చినా దిగనంత గట్టిపడింది. మూత స్ప్రింగు కూడా సాగిపోయింది.

కొత్త ఓ-రింగు, స్ప్రింగు వేసి నిన్న నడిపాను. ఈసారి ఆరున్నర నిమిషాలు నడిచింది, వేడి 124 దగ్గర నిలిచింది. అయితే థ్రాటిల్ వదిలాక చప్పుడు దిగడానికి ఇప్పటికీ రెండు మూడు సెకన్లు పడుతోంది.

విశాఖ_వీల్స్
నీడిల్‌ను మీరు తెరిచిన అరచుట్టు ఇంకా అలాగే ఉందా?

బెజవాడ_బగ్గీ
ఉంది.

విశాఖ_వీల్స్
అరచుట్టు రిచ్‌గా ఉండి కూడా చప్పుడు దిగడం లేదంటే ఇంకోచోట గాలి లోపలికి వెళుతోంది. కార్బ్యురేటరు మెడ ఇంజనులోకి దిగేచోట ఓ-రింగు, వెనక ప్లేటు దగ్గర ఇంకో ఓ-రింగు ఉంటాయి. ఐడిల్‌లో ఉన్నప్పుడు మెడ చుట్టూ ఆఫ్టర్ రన్ ఆయిల్ (ఆట అయ్యాక ఇంజనులో వేసే నూనె) ఒక చుక్క వేయండి. చుక్క లోపలికి లాక్కుపోయినా, అక్కడ నురగ లేచినా, ఇంజను చప్పుడు మారినా దొంగ దొరికినట్టే. ఆ తర్వాత రెండు నీడిళ్ళనూ కంపెనీ పుస్తకంలో చెప్పిన స్థానానికి తెచ్చి మొదటి నుంచి ట్యూన్ చేయండి. తెచ్చే ముందు ఇప్పుడున్నది మూసేటప్పుడు ఎన్ని చుట్లు వచ్చాయో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. చివర్లో బలంగా బిగిస్తే నీడిల్ మొన, దాని గూడు రెండూ పోతాయి.

డల్లాస్_సుబ్బు
ఐడిల్ స్క్రూ కూడా చూడండి. ఎయిర్ ఫిల్టరు తీసి పైనుంచి చూస్తే థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు మిల్లీమీటరుకు కొంచెం తక్కువ సందు కనిపించాలి. చాలామంది ఇంజను ఆగిపోతోందని ఆ సందును పెంచుకుంటూ పోయి, తర్వాత చప్పుడు దిగడం లేదని లో స్పీడ్ నీడిల్‌ను తిడతారు.

గేర్‌బాక్స్_గౌరి
ఫిల్టరు ప్రస్తావన వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. వెంచరు ఎర్రమట్టిలో తిప్పుతున్నారు కదా, ఫోమ్‌కు నూనె పట్టించారా?

బెజవాడ_బగ్గీ
పట్టించాలని తెలియదు. పొడిగానే ఉంది.

గేర్‌బాక్స్_గౌరి
దయచేసి ఈ పూట బండి తీయకండి. పొడి ఫోమ్ గులకరాళ్ళను ఆపుతుంది గానీ దుమ్మును ఆపదు. రెండు పొరల ఫోమ్‌నూ సబ్బునీటిలో ఉతికి, పూర్తిగా ఆరబెట్టి, ఫిల్టరు నూనె పోసి, రంగు అంతటా ఒకేలా పరుచుకునేదాకా చేత్తో పిసకండి. ఫోమ్ లోపలివైపు, రబ్బరు మెడ కలిసే చోట, గ్రీజు సన్నగా రాయండి. నా మొదటి ఇంజను ఇలాగే పోయింది. పిస్టన్ తీసి చూస్తే దాని పక్కగోడ మీద పైనుంచి కిందికి గీతలు, పెన్సిలుతో గీసినట్టు బూడిద రంగు గీతలు. రింగులు లేని పిస్టన్‌లో ఆ గీతలే కంప్రెషన్ పారిపోయే కాలువలు. ఒక లీటరు ఇంధనం కూడా కాల్చకముందే ఆ ఇంజను ముగిసింది.

కొత్తగా_చేరాను
రింగులు లేకపోతే కంప్రెషన్ ఎలా నిలుస్తుంది?

డెక్కన్_టూస్ట్రోక్
సిలిండరు పైభాగం ఒక వెంట్రుకవాసి ఇరుకుగా ఉంటుంది. అల్యూమినియం పిస్టన్, క్రోమ్ పూత ఉన్న ఇత్తడి సిలిండరు. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ పైకి వెళ్ళి బిగుసుకుంటుంది. చేత్తో ఫ్లైవీలు తిప్పితే అది తెలుస్తుంది. వేడెక్కాక ఇత్తడి ఎక్కువగా వ్యాకోచించి సరిగ్గా సరిపోతుంది. అందుకే చలికాలం ఉదయాన హెయిర్ డ్రయర్‌తో హెడ్డును వేడిచేసి స్టార్ట్ చేయాలి, ఆపాక పిస్టన్‌ను అడుగుకు దించి చల్లారనివ్వాలి. పైన బిగుసుకుని చల్లారితే సిలిండరు ఆ ఇరుకును పోగొట్టుకుంటుంది. కొత్త ఇంజనును మాత్రం ఎంత రిచ్‌గా, ఎంత చల్లగా నడిపితే అంత మంచిది.

విశాఖ_వీల్స్
మీ చివరి వాక్యంతోనే నాకు పేచీ. మీరు చెప్పిన లెక్క ప్రకారమే, 60, 70 డిగ్రీల దగ్గర నడిస్తే సిలిండరు వ్యాకోచించదు, ప్రతి చుట్టులోనూ పిస్టన్ ఆ ఇరుకును రుద్దుకుంటూ పోతుంది. కొత్త ఇంజనును అలవాటు చేసేటప్పుడు కూడా రిచ్‌గానే ఉంచి, హెడ్డుకు అల్యూమినియం రేకు చుట్టి అయినా సరే, 90, 100 దగ్గర నడపాలి. కాసేపు నడిపి, చల్లార్చి, మళ్ళీ నడపడం మంచిది.

డెక్కన్_టూస్ట్రోక్
నేను పదేళ్ళుగా చల్లగానే అలవాటు చేస్తున్నాను, ఇంజన్లు బాగానే ఉన్నాయి.

కోఠీ_స్పేర్స్
పదేళ్ళలో మీరు నా దగ్గర కొన్న పిస్టన్, స్లీవ్ సెట్ల రసీదులు ఇక్కడ పెట్టమంటారా?

డెక్కన్_టూస్ట్రోక్
వద్దు.

బెజవాడ_బగ్గీ
కార్బ్యురేటరు మెడ దగ్గర నూనె చుక్క నురగ కట్టింది. ఓ-రింగు మార్చి, ఫిల్టరు శుభ్రం చేసి, నీడిళ్ళు పుస్తకంలోని స్థానానికి తెచ్చి, మొదటి నుంచి ట్యూన్ చేశాను. వేడి 112 దగ్గర నిలకడగా ఉంది, చప్పుడు వెంటనే దిగుతోంది. కానీ ఇప్పుడు కొత్త సమస్య. బ్రేకు వేయగానే ఇంజను ఆగిపోతోంది. ఐడిల్‌లో చక్రాలు నేలకు తగలకుండా ఎత్తి పట్టుకుంటే అవి వాటంతట అవే తిరుగుతున్నాయి.

ఆదివారం_ఆట
ఇది మాత్రం నీడిల్ కాదు. ఇంత కచ్చితంగా ఇంతకుముందెప్పుడూ చెప్పలేదు.

గేర్‌బాక్స్_గౌరి
క్లచ్ బెల్ (క్లచ్ చెప్పులు పట్టి తిప్పే గిన్నె) బేరింగులు. క్లచ్ చెప్పులు వెనక్కి వచ్చినా, బెల్ లోపలి బేరింగు పట్టేస్తుంటే క్రాంకు దాన్ని తనతోపాటు తిప్పుతూనే ఉంటుంది, బ్రేకు పట్టగానే ఆ పట్టు ఇంజను మీద పడుతుంది. దుమ్ములో నడిచే బండిలో అన్నిటికంటే ముందు పోయేవి అవే. మన కొలతలో చాలా బండ్లకు 5, 10, 4 మిల్లీమీటర్ల బేరింగులే వస్తాయి. కొనే ముందు పాతదాన్ని కొలుచుకోండి. పాతదాన్ని వేలికి తగిలించి తిప్పితే ఇసుక నలిగినట్టు అనిపిస్తుంది. రెండు బేరింగులూ ఒకేసారి మార్చండి, ఒకటి మారిస్తే రెండోది వచ్చే వారం పోతుంది. తిరిగి బిగించేటప్పుడు బెల్ పళ్ళకూ స్పర్ గేర్‌కూ మధ్య ఒక కాగితం ముక్క పెట్టి ఇంజను బోల్టులు బిగించండి. కాగితం చిరగకుండా, ముడతలు పడి బయటకు వస్తే సందు సరిపోయినట్టు.

బెజవాడ_బగ్గీ
ఇసుక నలిగినట్టే ఉంది. ఇంకో ప్రశ్న, ఇంజను సంగతి కాదు. పూర్తి థ్రాటిల్ ఇస్తే ముందు చక్రాలు గాల్లో పిచ్చిగా తిరుగుతున్నాయి, బండి మాత్రం ముందుకు దూకదు.

మ్యూనిక్_మూర్తి
మధ్య డిఫరెన్షియల్‌లో నూనె పలచగా ఉంది, లేదా కారిపోయింది. థ్రాటిల్ ఇవ్వగానే బరువు వెనక్కి వెళ్ళి ముందు చక్రాలు తేలిపోతాయి. పలచటి నూనె ఉంటే బలమంతా ఆ తేలిన చక్రాలకే పారుతుంది. ముందుదానికి 5 వేలు, మధ్యదానికి 5 వేలు, వెనకదానికి 3 వేలు చిక్కదనం అంకె ఉన్న సిలికాన్ నూనెతో మొదలుపెట్టి, మధ్యది 7 వేలకు పెంచి చూడండి. వాడిన బండి కాబట్టి లోపల ఏముందో ఎవరూ చెప్పలేరు, మూడూ విప్పి కొత్తగా నింపండి.

డల్లాస్_సుబ్బు
షాక్ అబ్జార్బర్ల నూనె కూడా అప్పుడే మార్చండి. మీ ఊరి వేడికి ఏ నూనె అయినా పలచబడుతుంది. చలికాలంలో 500 వేస్తే వేసవిలో 600 వేయాల్సి వస్తుంది. ఆ తర్వాత బండిని ఒక అడుగు ఎత్తు నుంచి చదునైన నేల మీద వదిలి, అది ఎక్కడ కుదురుకుంటుందో చూసి ఎత్తు సరిచేయండి. వెనక చక్రాల టో ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగే కోణం) మూడు డిగ్రీల దగ్గరే ఉంచండి, వదులు మట్టిలో దాన్ని తగ్గిస్తే బండి తోక తిప్పుతుంది.

రేపల్లె_రేసర్
ఇంతమంది ఇన్ని చెప్పారు గానీ ఫెయిల్‌సేఫ్ (రిమోటు సిగ్నల్ పోతే బండిని ఆపే ఏర్పాటు) గురించి ఎవరూ అడగలేదు. పోయినేడు రిసీవరు బ్యాటరీ దిగిపోయి, నా బండి పూర్తి థ్రాటిల్ మీద చేతికి చిక్కకుండా పోయింది. రోడ్డు మీద వడ్లు ఆరబోసిన రైతు ఒకాయన బరకం పట్టా మీదికి దూసుకెళ్ళి, వడ్లలో గుంట తవ్వుకుని, అక్కడ ఆగింది. ఎయిర్ ఫిల్టరులో, గేర్లలో, బాడీ లోపల అంతా వడ్లే. ఆయన తిట్టలేదు, తన పట్టా మీద ఉన్నవి పోను నా బండిలో ఉన్న గింజలు కూడా తనకే చెందుతాయని మాత్రం చెప్పాడు. కూర్చుని ఒక్కొక్కటే ఏరి ఇచ్చాను. అప్పటి నుంచి బండి దింపే ముందు రిమోటు ఆపేసి, థ్రాటిల్‌ను కదిపే సర్వో మోటారు బ్రేకు వైపు వెళుతోందో లేదో చూస్తాను. థ్రాటిల్‌కు రిటర్న్ స్ప్రింగు కూడా తగిలించాను.

కొత్తగా_చేరాను
ఏరిన వడ్లు ఎన్ని వచ్చాయి?

రేపల్లె_రేసర్
సోలెడు.

కోఠీ_స్పేర్స్
బెజవాడ_బగ్గీ గారూ, ఆట అయ్యాక ఏం చేస్తున్నారు? కొత్త బేరింగులు కొన్నారు కాబట్టి చెబుతున్నాను. మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, కృష్ణ ఒడ్డు ఊళ్ళో తేమకు కొదవ లేదు. ట్యాంకులో మిగిలింది తీసేసి, గొట్టంలో ఉన్నది కాలిపోయేదాకా ఇంజను నడిపి ఆపండి. ప్లగ్ రంధ్రంలోనూ, కార్బ్యురేటరులోనూ నాలుగు చుక్కల ఆఫ్టర్ రన్ ఆయిల్ వేసి ఫ్లైవీలు పది పదిహేను సార్లు తిప్పండి. ఇంధన డబ్బా మూత బిగించి నీడలో పెట్టండి. పగటి వెలుతురులో మిథనాల్ మంట కంటికి కనిపించదు, కాబట్టి పిట్ బల్ల దగ్గర సిగరెట్టు వద్దు, పక్కన నీళ్ళ బకెట్టు మాత్రం ఉండాలి.

డెక్కన్_టూస్ట్రోక్
బకెట్టు ఎలాగూ ఉంది, ట్యాంకు ముంచిందే.

బెజవాడ_బగ్గీ
బేరింగులు మార్చాను. మధ్య డిఫ్ విప్పితే లోపల నూనె బదులు నల్లటి జిగురు రెండు చుక్కలు మిగిలాయి. మూడూ కడిగి నింపాను. ఈ ఉదయం మూడు ట్యాంకులు నడిపాను, ఒక్కొక్కటి ఎనిమిదిన్నర నిమిషాలు. చివరి చుక్క దాకా పొగ గీత తెగలేదు. వేడి 110కి 114కి మధ్యలోనే ఉంది. విశాఖ_వీల్స్ గారు చెప్పినట్టు చుట్లు కాగితం మీద రాసుకున్నాను కదా, ఇప్పుడు పోల్చి చూస్తే హై స్పీడ్ నీడిల్ బెంగళూరాయన ఉంచిన చోటికి చుట్టులో పన్నెండో వంతు తేడాలో ఉంది, అంతే.

డెక్కన్_టూస్ట్రోక్
ఆ పన్నెండో వంతు తెరిచి ఉందా, మూసి ఉందా?

బెజవాడ_బగ్గీ
తెరిచి ఉంది.

డెక్కన్_టూస్ట్రోక్
ఎత్తు.

గేర్‌బాక్స్_గౌరి
ఒప్పుకున్నాను.

ఆదివారం_ఆట
ఇదంతా చదివాక నా ట్యాంకును కూడా బకెట్టులో ముంచి చూశాను. బుడగ ఒక్కటీ రాలేదు. అయినా మూడో మలుపు దగ్గర ఇంజను ఆగిపోతూనే ఉంది, ఇప్పటికి ముప్పావుచుట్టు తెరిచాను.

గేర్‌బాక్స్_గౌరి
ట్యాంకు లోపల గొట్టం చివర ఉండే ఫిల్టరు రాయి ఎప్పుడు శుభ్రం చేశారు?

ఆదివారం_ఆట
లోపల రాయి ఉంటుందా?